సిక్స్ సిలిండర్ కారు సౌండ్ బాగుండాలా? సైలెన్సర్ మార్చేముందు ఫోన్‌తో ఈ టెస్టులు చేయండి

ఆరు సిలిండర్ల పెట్రోల్ సెడాన్ కొనేవాళ్లు సగం కళ్లతో కొంటారు, సగం చెవులతో కొంటారు. మన దేశంలో 2021 నుంచి అమ్ముతున్న బీఎండబ్ల్యూ ఎం340ఐనే తీసుకోండి. 2998 సీసీ ఇంజిన్, వరసగా ఆరు సిలిండర్లు, ఒక టర్బో. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి ఐదు సెకన్లు కూడా పట్టదు. అయినా కొన్న కొన్ని నెలలకే కొందరికి ఒక వెలితి మొదలవుతుంది: "స్పీడు ఉంది సరే, సౌండ్ ఏదీ?"

ఆ తర్వాత జరిగేది మనకు తెలిసిందే. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో ఎగ్జాస్ట్ వీడియోలు చూడటం, వాటిలో బాగా గర్జించేది ఒకటి ఎంచుకోవడం, షాపుకెళ్లి బిగించుకోవడం. మొదటి వారం పండగే. మొదటిసారి ఫ్యామిలీతో విజయవాడ వెళ్లినప్పుడు తేడా తెలుస్తుంది. 100 దగ్గర స్టెడీగా పోతుంటే చెవుల్లో "బూఁ" అని ఒకటే మోత, వెనక సీట్లో కూర్చున్న అమ్మకు తలనొప్పి.

తప్పు ఎగ్జాస్ట్‌ది మాత్రమే కాదు, దాన్ని ఎంచుకున్న పద్ధతిది కూడా. సౌండ్ పెరగడం వేరు, సౌండ్ బాగుపడటం వేరు. ఆ తేడా పట్టుకోవడానికి కావాల్సిన పరికరం మీ జేబులోనే ఉంది. సిక్స్ సిలిండర్ సౌండ్ ఎలా తయారవుతుంది, కొత్త కార్లలో అది ఎందుకు తగ్గింది, ఫోన్‌తో దాన్ని ఎలా కొలవాలి, ఏ మార్పు ఏం చేస్తుంది, చట్టం ఏమంటుంది అనేవి ఈ ఆర్టికల్‌లో వరసగా చూద్దాం.

ముందు ఒక చిన్న లెక్క: ఆర్‌పీఎంను 20తో భాగించండి

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. ఆరు సిలిండర్లు ఉంటే ఒక చుట్టుకు మూడు పేలుళ్లు. నిమిషానికి ఎన్ని చుట్లో దాన్ని 60తో భాగించి 3తో గుణిస్తే సెకనుకు ఎన్ని పేలుళ్లో వస్తుంది. సింపుల్‌గా చెప్పాలంటే ఆర్‌పీఎంను 20తో భాగిస్తే చాలు. వచ్చేదే ఆ ఇంజిన్ అసలు స్వరం, హెర్ట్జ్‌లలో.

- 700 ఆర్‌పీఎం (ఐడిల్): 35 హెర్ట్జ్
- 1500 ఆర్‌పీఎం: 75 హెర్ట్జ్
- 2000 ఆర్‌పీఎం: 100 హెర్ట్జ్
- 3000 ఆర్‌పీఎం: 150 హెర్ట్జ్
- 6000 ఆర్‌పీఎం: 300 హెర్ట్జ్

నాలుగు సిలిండర్ల కారుకైతే 30తో భాగించాలి, ఎనిమిది సిలిండర్లకు 15తో. అంటే అదే 3000 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్లది 100 హెర్ట్జ్, ఎనిమిదిది 200 హెర్ట్జ్. మన సిక్స్ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది.

ఒక చుట్టుకు మూడుసార్లు వచ్చే ఈ స్వరాన్ని ఇంజినీర్లు మూడో ఆర్డర్ అంటారు. దీంతో పాటు దానికి రెట్టింపైన ఆరో ఆర్డర్, మూడు రెట్లైన తొమ్మిదో ఆర్డర్ కూడా వినిపిస్తాయి. సంగీతం తెలిసినవాళ్లకు ఇది ఇంకా తేలిక. 3000 నుంచి 6000 ఆర్‌పీఎంకి వెళ్తే స్వరం 150 నుంచి 300 హెర్ట్జ్‌కి, అంటే సరిగ్గా ఒక స్థాయి పైకి, కింది షడ్జం నుంచి పై షడ్జానికి చేరుతుంది. సిక్స్ సిలిండర్ కారు రెవ్ అవుతుంటే పాటలా అనిపించడానికి ఇదో కారణం.

ఇంకో కారణం బ్యాలెన్స్. వరసగా ఉన్న ఆరు సిలిండర్లలో పిస్టన్ల కుదుపులు, ప్రైమరీ అయినా సెకండరీ అయినా, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ప్రతి 120 డిగ్రీలకు ఒక పేలుడు, సమాన దూరంలో. అందుకే గొంతు శుభ్రంగా ఉంటుంది.

మరి ఆ గొంతులో "గుర్రు" ఎక్కడిది? ఇక్కడే అసలు మెలిక ఉంది. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. గమనించండి: ముందు మూడు సిలిండర్లలో ఒకటి, వెనక మూడింటిలో ఒకటి, ఇలా మార్చి మార్చి మండుతాయి. ముందు మూడింటికి ఒక పైపు, వెనక మూడింటికి ఒక పైపు అని విడిగా నడిపితే ఒక్కో పైపులో చుట్టుకు ఒకటిన్నర పేలుడే. అది 1.5 ఆర్డర్. రెండు పైపుల గ్యాస్ పూర్తిగా కలిస్తే ఈ 1.5 మాయమై శుభ్రమైన మూడో ఆర్డర్ మిగులుతుంది. కొంచెం విడిగా ఉంచితే 1.5, 4.5 లాంటివి కలిసి గొంతుకు బొంగురు వస్తుంది. మూడో ఆర్డర్‌ని షడ్జం అనుకుంటే 4.5 దానికి సరిగ్గా పంచమం. అందుకే అది కొద్దిగా ఉంటే కమ్మగా ఉంటుంది, మరీ ఎక్కువైతే రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు ఉంటుంది.

కాబట్టి సౌండ్ బాగుండటమంటే ఏ ఆర్డర్ ఎంత ఉండాలి అన్న పాళ్ల లెక్క. మొత్తం డెసిబెల్స్ ఎంత అన్నది ఆ తర్వాతి మాట.

కొత్త కార్లలో ఆ సౌండ్ ఎటు పోయింది?

ఎగ్జాస్ట్ దారిలో టర్బో ఉంది. సిలిండర్ నుంచి వచ్చే ఒక్కో పీడన తరంగం ముందు టర్బైన్ చక్రాన్ని తిప్పాలి. ఆ పనిలో దాని పదును చాలావరకు పోతుంది. 2000లలో వచ్చిన ఈ46 ఎం3ని గుర్తు చేసుకోండి. టర్బో లేదు, 3246 సీసీ, ఆరు సిలిండర్లకు ఆరు విడి థ్రాటిల్స్, 8000 ఆర్‌పీఎం దాకా పరుగు. ఆ కారు సౌండ్‌లో పెద్ద వాటా సైలెన్సర్‌ది కాదు, గాలి పీల్చుకునే ఇన్‌టేక్‌ది. టర్బో కారులో ఇన్‌టేక్ వైపు ఆ గర్జన బదులు కంప్రెసర్ ఈల, యాక్సిలరేటర్ వదిలితే "ఉస్స్" వినిపిస్తాయి.

రూల్స్ కూడా బిగుసుకున్నాయి. యూరప్‌లో 2016 నుంచి దశలవారీగా నాయిస్ లిమిట్లు తగ్గాయి. మామూలు కార్లకు 72 డెసిబెల్స్‌తో మొదలై 70, ఆపై 68. బరువుతో పోలిస్తే పవర్ బాగా ఎక్కువున్న కార్లకు 75, 73, 71. జర్మనీలో డిజైన్ అయ్యే కారు ఆ టెస్ట్ పాసయ్యేలాగే పుడుతుంది. పైగా 2018 నుంచి యూరప్ పెట్రోల్ కార్లలో చాలావాటికి పార్టిక్యులేట్ ఫిల్టర్ వచ్చింది. మసితో పాటు సౌండ్‌లో పై పొరలను కూడా అది పట్టేస్తుంది.

ఇక స్పీకర్లు. బయట తగ్గిన సౌండ్‌ని లోపల నింపడానికి కంపెనీలు మ్యూజిక్ సిస్టమ్‌ని వాడుకుంటున్నాయి. బీఎండబ్ల్యూ 2011లో వచ్చిన ఎఫ్10 ఎం5లో దీన్ని యాక్టివ్ సౌండ్ డిజైన్ పేరుతో పెట్టింది, తర్వాత చాలా మోడళ్లకు వెళ్లింది. ఇంజిన్ వేగం, లోడ్ చూసి దానికి తగ్గ శబ్దాన్ని స్పీకర్లలోంచి పలికిస్తుంది. అంటే మీరు క్యాబిన్‌లో వింటున్నదాంట్లో కొంత సైలెన్సర్‌ది కాకపోవచ్చు. ఎగ్జాస్ట్ మార్చేముందు ఈ సంగతి తేల్చుకోవాలి. లేకపోతే కొత్త ఎగ్జాస్ట్, పాత స్పీకర్ సౌండ్ రెండూ ఒకదానిమీద ఒకటి పడి గందరగోళం అవుతుంది.

వీడియోలు చూసి ఎందుకు ఎంచుకోకూడదు

ఇది మన సైట్ రీడర్లకు బాగా అర్థమయ్యే విషయం. ఫోన్ స్పీకర్ చాలా చిన్నది. 100 హెర్ట్జ్ కిందివి దాదాపు పలకదు. పైన లెక్క చూడండి: హైవే మీద 1500 ఆర్‌పీఎం దగ్గర వచ్చే మోత 75 హెర్ట్జ్. అంటే మీరు రేపు బాధపడబోయేది ఏదో, సరిగ్గా అదే మీ ఫోన్ స్పీకర్ వినిపించలేనిది. వీడియోలో మీరు వినేది పై పొరలు మాత్రమే.

రెండోది, చాలా ఫోన్లు వీడియో తీసేటప్పుడు లెవెల్‌ని వాటంతట అవే సర్దుతాయి. చిన్న శబ్దాన్ని పెంచుతాయి, పెద్దదాన్ని అణుస్తాయి. దాంతో నెమ్మదైన ఎగ్జాస్ట్, చెవులు చిల్లులు పెట్టే ఎగ్జాస్ట్ వీడియోలో ఒకేలా ఉంటాయి. కోల్డ్ స్టార్ట్ క్లిప్పుల్లో వినిపించే చిటపట కొన్నిసార్లు ఎగ్జాస్ట్‌ది కాదు, మైక్ తట్టుకోలేక పగిలిన శబ్దం. వాట్సాప్‌లో ఫ్రెండ్ పంపిన క్లిప్ అయితే కంప్రెషన్‌లో ఇంకొంత పోతుంది.

వీడియోలు చూడక తప్పకపోతే మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, క్యాబిన్ లోపల స్టెడీ స్పీడులో తీసినవి చూడండి. టన్నెల్లో తీసినవి వదిలేయండి.

ఫోన్‌తో చేసే మూడు టెస్టులు

కావాల్సింది స్పెక్ట్రమ్ చూపించే ఒక యాప్. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ తయారుచేసిన ఫైఫాక్స్ ఉచితం, ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలో ఉంది. అందులో ఆడియో స్పెక్ట్రమ్ తెరవండి. ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ కూడా బాగుంటుంది.

సెట్టింగ్ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: శాంపిల్స్ సంఖ్య. 48,000 హెర్ట్జ్ రికార్డింగ్‌లో 2,048 శాంపిల్స్ తీసుకుంటే గ్రాఫ్‌లో ఒక్కో మెట్టు 23 హెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. దాంతో 75కి, 85కి తేడా కనబడదు. 16,384 తీసుకుంటే మెట్టు 3 హెర్ట్జ్‌కి తగ్గుతుంది, మనకు అది చాలు. రికార్డింగ్ యాప్ వాడితే నాయిస్ రిడక్షన్, వాయిస్ ఎన్‌హాన్స్ లాంటివి ఆపేయండి. స్టెడీగా వచ్చే శబ్దాన్ని అవి "నాయిస్" అనుకుని తుడిచేస్తాయి.

ఫోన్ చూపించే డెసిబెల్ అంకెను పక్కా కొలతగా తీసుకోవద్దు. అదే ఫోన్, అదే చోటు, అదే కేస్‌తో ముందూ తర్వాతా తీసుకుని తేడా మాత్రమే చూడండి. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అయినట్టు. మన చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 పెరగాలి.

టెస్ట్ 1: బయట. ఖాళీ స్థలంలో, ఇంజిన్ వేడెక్కాక చేయండి. టెయిల్‌పైప్ ఎత్తులో, అర మీటర్ దూరంలో, పైపు దిశకు 45 డిగ్రీలు పక్కగా ఫోన్ పెట్టండి. నిలబడి ఉన్న బండి నాయిస్ కొలిచే ప్రామాణిక పద్ధతి కూడా ఇదే. పొగ నేరుగా మైక్ మీద పడకూడదు. ఒకరు సీట్లో కూర్చుని ఐడిల్, 2000, 3000 దగ్గర పది సెకన్లు చొప్పున పట్టాలి. గ్రాఫ్‌లో 35, 100, 150 దగ్గర శిఖరాలు కనిపించాలి. 3000 దగ్గర 75 హెర్ట్జ్‌లో కూడా శిఖరం ఉంటే అది 1.5 ఆర్డర్, అంటే మీ బండికి సహజంగానే కొంత బొంగురు ఉంది. మూసిన గ్యారేజీలో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ టెస్ట్ చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

టెస్ట్ 2: లోపల, నెమ్మదిగా. ఓఆర్ఆర్ లాంటి చదునైన రోడ్డు మీద, అద్దాలు మూసి, ఏసీ తగ్గించి, మ్యూజిక్ ఆపి చేయాలి. గేర్‌బాక్స్‌ని మాన్యువల్ మోడ్‌లో పెట్టి 1200 నుంచి 2500 దాకా మెల్లగా పెంచండి. ఫోన్ పక్క సీటులో ఉన్నవాళ్ల చేతిలో, చెవి ఎత్తులో ఉండాలి. డ్రైవ్ చేసేవాళ్లు ఫోన్ వైపు చూడకూడదు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ శిఖరం కుడివైపు జరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఉన్నట్టుండి ఎత్తుగా లేస్తుంది. ఆ హెర్ట్జ్ రాసుకోండి. అది మీ క్యాబిన్ బలహీనత. వెనక సీట్లో ఇంకోసారి చేయండి, అంకెలు మారతాయి.

టెస్ట్ 3: స్పీకర్ వాటా. కంఫర్ట్, స్పోర్ట్ మోడ్లలో ఒకే గేర్, ఒకే ఆర్‌పీఎం దగ్గర లోపల రికార్డ్ చేయండి. తర్వాత బండి ఆపి, బయట అదే రెండు మోడ్లలో టెస్ట్ 1 మళ్లీ చేయండి. లోపల తేడా బాగా ఉండి బయట పెద్దగా లేకపోతే స్పోర్ట్ మోడ్‌లో పెరిగింది స్పీకర్లలోంచి వస్తోందని అనుకోవచ్చు. బయట కూడా పెరిగితే ఎగ్జాస్ట్‌లో ఫ్లాప్ తెరుచుకుంటోంది.

ఇప్పుడు మార్పులు: తక్కువ రిస్క్ నుంచి ఎక్కువ రిస్క్ వైపు

1. ముందు రిపేర్. వాడిన కారు కొని ఉంటే ఇదే మొదటి పని. సైలెన్సర్‌ని పట్టుకునే రబ్బర్లు గట్టిపడితే వైబ్రేషన్ అంతా బాడీలోకి వస్తుంది. హీట్ షీల్డ్ బోల్టు ఊడితే ఒక ఆర్‌పీఎం దగ్గర గలగలలాడుతుంది. గ్యాస్కెట్ లీకైతే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు "టిక్ టిక్" మని, వేడెక్కాక తగ్గుతుంది. ఇంజిన్ మౌంట్లు పోతే ఐడిల్‌లో స్టీరింగ్ వణుకుతుంది. ఇవి సరిచేస్తేనే అసలు గొంతు బయటపడుతుంది. ఎగ్జాస్ట్ లీకును "మంచి సౌండ్" అని వదిలేయొద్దు. ఆ గ్యాస్ క్యాబిన్‌లోకి చేరొచ్చు.

2. స్పీకర్ సౌండ్ సర్దడం. టెస్ట్ 3లో స్పీకర్ వాటా ఎక్కువని తేలితే దాన్ని తగ్గించి ఒక వారం నడిపి చూడండి. చాలా మోడళ్లలో డ్రైవ్ మోడ్ సెట్టింగ్‌తో కొంత తగ్గుతుంది. పూర్తిగా ఆపాలంటే ఓబీడీ అడాప్టర్ పెట్టి బిమ్మర్‌కోడ్ లాంటి ఫోన్ యాప్‌తో కోడింగ్ చేసేవాళ్లు ఉన్నారు. ముందు బ్యాకప్ తీసుకోవాలి, వారంటీలో ఉన్న బండి అయితే సర్వీస్ సెంటర్‌ని అడగాలి. ఆపాక కొందరికి అసలు ఇంజిన్ గొంతు నచ్చుతుంది, ఇంకొందరికి "ఇదే బాగుండేది" అనిపిస్తుంది. ఏదైనా, వెనక్కి తిప్పుకోగలిగిన మార్పు ఇది.

3. ఇన్‌టేక్. టర్బో లేని పాత సిక్స్‌లకు, అంటే ఈ46, ఈ90 తరం 330ఐ లాంటివాటికి, అసలు రుచి ఇక్కడే ఉంది. మీరు యాక్సిలరేటర్ తొక్కితేనే గొంతు లేస్తుంది, మామూలుగా నడిపితే నోరు మూసుకుంటుంది, వీధిలోవాళ్లకు ఇబ్బంది తక్కువ. టర్బో కారులో మాత్రం ఇన్‌టేక్ మారిస్తే పెరిగేది ఈల, "ఉస్స్" మాత్రమే. సిక్స్ సిలిండర్ స్వరం పెద్దగా పెరగదు. బానెట్ కింద తెరిచి ఉండే కోన్ ఫిల్టర్ మన దుమ్ముకు, మన ఎండకు మంచిది కాదు, వేడి గాలిని పీలుస్తుంది. మూసిన బాక్స్ ఉన్నదే తీసుకోండి. నూనె పూసే ఫిల్టర్ అయితే ఆ నూనె ఎక్కువైనప్పుడు ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ మీద పేరుకుంటుంది.

4. వెనక సైలెన్సర్ మార్చడం. క్యాటలిటిక్ కన్వర్టర్‌ని, ఫిల్టర్‌ని ముట్టుకోకుండా వెనక భాగం మాత్రమే మారేది. సౌండ్ మార్పుకూ, బండి భద్రతకూ మధ్య ఇదే సరైన సమతూకం. ఫ్లాప్ ఉన్నదే తీసుకోండి. మూస్తే ఇంట్లోవాళ్ల కారు, తెరిస్తే మీ కారు. ఫ్లాప్ కంట్రోల్ కారు ఒరిజినల్ మోడ్ బటన్‌తోనే పనిచేస్తుందా, విడిగా రిమోట్ ఇస్తారా అని ముందే అడగండి. కంపెనీ యాక్సెసరీగా దొరికేది ఉంటే మొదట దాని గురించి కనుక్కోండి. సౌండ్ తక్కువ పెరిగినా డ్రోన్ టెస్ట్ చేసి ఇస్తారు.

5. మధ్య రెజొనేటర్ తీసేయడం. చౌకగా అవుతుందని షాపువాళ్లు సలహా ఇచ్చేది ఇదే. రెజొనేటర్ అంటే ఖాళీ డబ్బా కాదు. కొన్ని ఫ్రీక్వెన్సీలను ఏరి చంపడానికే కంపెనీ దాన్ని అక్కడ పెట్టింది. తీసేస్తే గరగర పెరుగుతుంది, హైవేలో మోత కూడా వస్తుంది. కోసిన పైపును మళ్లీ అతికించడం అంత తేలిక కాదు.

6. డౌన్‌పైప్, పాప్స్ అండ్ బ్యాంగ్స్. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని డౌన్‌పైప్‌తో సౌండ్ ఒక్కసారిగా పెరుగుతుంది. దాంతో పాటే పెట్రోల్ వాసన, చెక్ ఇంజిన్ లైట్, పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిల్. చట్టవిరుద్ధం కూడా. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటమనేలా చేసే ట్యూన్ అంటే మండని పెట్రోల్‌ని ఎగ్జాస్ట్‌లో మండించడమే. ఆ వేడి క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ, టర్బోనీ తింటుంది. ఈ ఆరోది మా సిఫార్సులో లేదు.

డ్రోన్: అసలు శత్రువు

ఇప్పుడు ఆ 75 హెర్ట్జ్ దగ్గరికి మళ్లీ వద్దాం. సెడాన్ క్యాబిన్ అంటే ఒక మూసిన పెట్టె. ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా సుమారు 2.2 మీటర్లు అనుకుంటే, గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు కాబట్టి, ఆ పెట్టె సహజంగా మోగే ఫ్రీక్వెన్సీ 78 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఎనిమిదో గేర్‌లో 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎం340ఐ ఇంజిన్ సుమారు 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. 20తో భాగించండి: 75. ఇంజిన్ స్వరం, క్యాబిన్ స్వరం దాదాపు ఒకటే! గుడి గంట పక్కనే గంటల తరబడి కూర్చున్నట్టు ఉంటుంది. తలనొప్పికి కారణం ఇదే. మీ బండి కొలతలు కొంచెం వేరుగా ఉండొచ్చు, అందుకే టెస్ట్ 2.

ఇక్కడ ఇంకో మోసం ఉంది. చాలా డెసిబెల్ యాప్‌లు ఏ-వెయిటింగ్‌లో కొలుస్తాయి. ఆ లెక్కలో 80 హెర్ట్జ్ శబ్దానికి 22.5 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తారు. అందుకే షాపులో మీటర్ పెట్టి "చూడండి సార్, ఎంత తక్కువో" అంటే నమ్మేయొద్దు. యాప్‌లో సీ-వెయిటింగ్ ఉంటే దానికి మార్చి చూడండి.

డిక్కీలో మ్యాట్లు పరిస్తే పోతుందా? 75 హెర్ట్జ్ తరంగం పొడవు నాలుగున్నర మీటర్లు. అరంగుళం ఫోమ్ దాన్ని ఆపలేదు. డ్యాంపింగ్ షీట్లు రేకు వణుకును తగ్గిస్తాయి, ఈ మోతను కాదు.

పనిచేసేది క్వార్టర్ వేవ్ పైపు. ఎగ్జాస్ట్ పైపుకు పక్కన ఒక కొమ్మలా వెల్డ్ చేసి, చివర మూసేసిన పైపు ఇది. ఆకారాన్ని బట్టి జే-పైప్ అంటారు. తరంగం అందులోకి వెళ్లి, మూసిన చివర తగిలి, సరిగ్గా ఎదురు దశలో తిరిగొచ్చి అసలు తరంగాన్ని కొట్టేస్తుంది. పొడవు లెక్క ఇది: శబ్దవేగాన్ని నాలుగు రెట్ల ఫ్రీక్వెన్సీతో భాగించాలి. పైపులో గ్యాస్ 200 డిగ్రీల వేడిలో ఉంటే శబ్దవేగం సుమారు 436 మీటర్లు. 436ను 300తో భాగిస్తే 1.45 మీటర్లు, అంటే దాదాపు నాలుగు ముప్పావు అడుగులు. గ్యాస్ ఇంకా వేడిగా ఉంటే పైపు ఇంకా పొడుగవాలి. అందుకే తెలిసిన ఫ్యాబ్రికేటర్ అయితే మీ టెస్ట్ 2 అంకె అడుగుతాడు. ఆ అంకె అడగకుండా "పెట్టేద్దాం సార్" అన్నాడంటే ఇంకో షాపు చూసుకోండి.

ఈ పైపుతో ఫుల్ థ్రాటిల్ గొంతు పెద్దగా తగ్గదు. అది ఒక్క ఫ్రీక్వెన్సీనే పట్టుకుంటుంది కదా.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతిలేని మార్పులకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190 కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్స్‌కి అనర్హత. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ అని ఉంది. మోడిఫైడ్ సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరు చూసే ఉంటారు. బైకులవే ఎక్కువ, కానీ కారుకు వేరే చట్టం లేదు.

కాబట్టి బిగించేముందు ఆ భాగానికి అప్రూవల్ కాగితాలు ఉన్నాయా, వారంటీ మీద ప్రభావం ఏంటి అనేది రాతపూర్వకంగా అడగండి. ఒరిజినల్ సైలెన్సర్‌ని పాత ఇనుముకు అమ్మేయకుండా ఇంట్లో దాచుకోండి.

కాలిఫోర్నియాలో ఉన్న మన రీడర్లకు ఒక మాట. అక్కడ మామూలు కార్ల ఎగ్జాస్ట్‌కి నిర్ణీత టెస్ట్‌లో 95 డెసిబెల్స్ దాటకూడదన్న లిమిట్ ఉంది. టెస్ట్ 1 అంకెను దాంతో నేరుగా పోల్చొద్దు, ఫోన్ మైక్ అంత పక్కా కాదు.

మరి ఏం చేయాలి?

- కొత్త బండి, వారంటీలో ఉంది: మూడు టెస్టులు చేయండి, స్పీకర్ సౌండ్ సర్దుకోండి, అక్కడ ఆగండి. అప్పటికీ చాలకపోతే కంపెనీ యాక్సెసరీ గురించి అడగండి.
- వారంటీ అయిపోయిన టర్బో సిక్స్: ముందు రిపేర్లు, తర్వాత అప్రూవల్ కాగితాలున్న, ఫ్లాప్ ఉన్న వెనక సైలెన్సర్. బిగించిన రోజే టెస్ట్ 2 మళ్లీ చేయండి. మోత వస్తే క్వార్టర్ వేవ్ పైపు గురించి షాపుతో అప్పుడే మాట్లాడండి.
- టర్బో లేని పాత సిక్స్: రబ్బర్లు, గ్యాస్కెట్లు, మౌంట్లు మార్చి, మూసిన బాక్స్ ఇన్‌టేక్ చూడండి. ఎగ్జాస్ట్ దాకా వెళ్లాల్సిన అవసరమే రాకపోవచ్చు.
- ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు రోజూ ఎక్కే బండి: టెస్ట్ 2 వెనక సీట్లో చేయకుండా ఏదీ కొనొద్దు.

షాపుకు వెళ్లేటప్పుడు మూడు అంకెలు చేతిలో ఉంచుకోండి: బయట 3000 దగ్గర మూడో ఆర్డర్ ఎంత, 1.5 ఆర్డర్ ఎంత, క్యాబిన్ ఏ హెర్ట్జ్ దగ్గర మోగుతోంది. "గట్టిగా ఉండాలి" అని అడిగితే గట్టిగా ఉండేదే ఇస్తారు. "78 హెర్ట్జ్ దగ్గర మోత రాకూడదు, మూడో ఆర్డర్ మాత్రం పెరగాలి" అని అడిగి చూడండి. షాపతను అప్పటినుంచి మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.